చూడకుండా వేసిన అతుకు

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు రవళి ఇంజనీరింగ్ చదివే పిల్ల. బస్సు దిగి ఐటీఐ వర్క్‌షాప్‌లో ఖాకీ చొక్కా తొడుక్కున్నాక వెల్డరు. సాయంత్రం ఇల్లు చేరేసరికి మళ్లీ ఇంజనీరింగే.

ఈ వేషం ఆమె కోరి వేసుకున్నది కాదు. తండ్రి సమ్మయ్య బొగ్గుబాయిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ఇంటిపట్టున కూర్చున్న మనిషి. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదివించటం తన వల్ల కాదని బిడ్డకు చెప్పిననాడు అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఐటీఐలో ఫీజు పేరుకే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి చేతిలో పని ఉంటుంది. ఇద్దరూ సరే అనుకున్నారు. తీరా కాలనీలో ఎవరో "బిడ్డ ఏం జదువుతున్నదే" అని అడిగితే, సమ్మయ్య నోటికి ఇంజనీరింగ్ అనే వచ్చింది. అబద్ధం ఆడటం తేలికే, దాన్ని రోజూ మేపటమే కష్టం. ఆ మేత మోసే పని రవళి మీద పడింది.

వెల్డింగ్ నేర్పే బురాన్ గారిని పిల్లలంతా ఉస్తాద్ అంటారు. ఆయన మాటలు తక్కువ; అతుకు వేయటాన్ని కుట్టటం అంటాడు. ఒకరోజు పొద్దున్నే ఆయన రవళిని పిలిచి, మిషను ఆటోలో పెట్టించమన్నాడు. బొగ్గుబాయి కాలనీ శ్మశానంలో కట్టెలు పేర్చే ఇనుప చట్రానికి కాలు విరిగిందట. ఓదెలు తాత పోయాడు, మధ్యాహ్నానికల్లా శవాన్ని తెస్తారు.

రవళి మిషను వైపు కదల్లేదు. అది వాళ్ల కాలనీయే. ఓదెలు తాత ఆమెను ఎత్తుకు తిప్పిన మనిషి.

"నేను రాను ఉస్తాద్."

"ఎందుకు బేటా?"

ఆమె ఇక దాచలేక అంతా చెప్పేసింది. ఉస్తాద్ చివరిదాకా విన్నాడు. గోడకు వేలాడుతున్న వెల్డింగ్ ముసుగు తీసి ఆమె చేతికిచ్చాడు.

"మొహం కనవడొద్దు, అంతేనా? ఇది ఏసుకో."

వాళ్లు వెళ్లేసరికి శ్మశానంలో ఎవరూ లేరు. మబ్బు పట్టి ఉంది. బూడిద తడిసి నేలకు అంటుకుపోయింది. ఉస్తాద్ కొత్త కాలును చట్రానికి ఆనించి, అతుకు ఎక్కడ పడాలో సుద్దతో గీత గీశాడు. రవళి చెయ్యి నిలకడైనది. మొదటి పక్క అతుకు గీత మీదనే పడింది.

అప్పుడు దూరంగా డప్పులు వినిపించాయి.

ముసుగుకు ఉండే నల్లద్దంలోంచి నిప్పు తప్ప ఇంకేదీ కనబడదు. అందుకే వెల్డరు ముసుగెత్తి చోటు చూసుకుంటాడు, దించి అతుకేస్తాడు, మళ్లీ ఎత్తుతాడు. డప్పులు వినబడ్డాక రవళి ముసుగు ఎత్తటం మానేసింది. అంచు ఎక్కడుందో వేళ్లతో తడుముకుంటూ, చీకట్లోనే రాడ్డు తాకించింది.

జనం వచ్చారు. పని కాలేదని తెలిసి పాడెను నేల మీదనే దించారు. ఓదెలు భార్య ఏడుపు రవళికి ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి కోసుకుంటూ పోయింది.

"ఎవల పోరి గిది? సాయబు ఎంట వచ్చింది?" అన్నారెవరో.

"ఏమో. ఐటీఐ పిల్లట."

ఆ మాట వెనకే దగ్గు వచ్చింది. ఆ దగ్గును రవళి ఏ చీకట్లోనైనా గుర్తుపడుతుంది. చొక్కా చూసి పట్టాడో, చెయ్యి చూసి పట్టాడో, తండ్రి తనను పోల్చుకున్నాడు. పోల్చుకునే ఆ మాటన్నాడు. ఇంటి గుట్టు దాచాడని ఆమెకు తెలుసు. తెలిసినా ముసుగును ఇంకాస్త కిందికి లాక్కుంది.

ఉస్తాద్ చిన్న సుత్తి తీసుకుని అతుకు మీద తట్టాడు. రెండో పక్క అతుకు పెంకులా ఊడిపోయింది. మొదటిది ఒక్కటీ బరువు ఆపలేకపోయింది. కాలు వంగి ఆయన చేతిలోకి వచ్చింది. దాన్ని తెచ్చి రవళి చేతుల్లో పెట్టాడు.

"చూసి కుట్టినవా?"

ముసుగు లోపల రవళి తల అడ్డంగా ఊపింది.

"మనిషి కింద పండి ఉన్నడు బేటా."

అంతే అన్నాడు. గుంపు వైపు చూడను కూడా చూడలేదు.

రవళి ముసుగు ఎత్తింది.

ఎవరో "అరె" అన్నారు. ఇంకెవరో సమ్మయ్య వైపు తిరిగారు. రవళి అటు చూడలేదు. పాత అతుకు గీకేసి, చోటు చూసుకుని, ముసుగు దించి అతుకేసింది. ఎత్తి చూసింది. మళ్లీ వేసింది. పని అయ్యేదాకా కాలనీ అంతా ఆమె మొహం చూస్తూనే ఉంది. సిగ్గుతో ఆమె చెవులు మండిపోయాయి. అతుకు మాత్రం గీత దాటలేదు.

ఇనుము చల్లారేదాకా అందరూ నిలబడ్డారు. అప్పుడు ఉస్తాద్ అన్నాడు, "కూసో."

ఆయన వర్క్‌షాప్‌లో అదొక పద్ధతి. స్టూలు గానీ బల్ల గానీ, అతుకు వేసినవాళ్లే ముందు దాని మీద కూర్చోవాలి. కానీ ఇది స్టూలు కాదు.

"నీకేమన్న మతి ఉన్నదా సాయబూ?" ఒక ముసలమ్మ ముందుకొచ్చింది. "పెండ్లిగాని పిల్లను కాష్టం మీద కూసోవెడ్తవా?"

"బరువు చూడకుండ పెద్దమనిషిని ఎట్ల పండవెడ్తమమ్మా?" ఉస్తాద్ గొంతు పెంచలేదు. "కుట్టినోళ్లన్న కూసోవాలె, వాళ్ల మనిషన్న కూసోవాలె. ఈ పిల్ల మనిషి ఎవలన్న ఉన్నరా ఈడ?"

ఎవరూ ముందుకు రాలేదు. డప్పు కొట్టేవాళ్లు కర్రలు దించుకున్నారు. ఇంత మందిలో తనకెవరూ లేరన్నమాట. రవళి చట్రం పట్టుకుని ఒక కాలు పైకి పెట్టింది.

"ఆగు బిడ్డా!"

సమ్మయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నాలుగడుగులకే ఆయాసం ముంచుకొచ్చింది. బిడ్డ రెక్క పట్టి కిందికి దించాడు.

"నేనున్న," అన్నాడు ఉస్తాద్‌తో. తర్వాత కాలనీ వైపు తిరిగాడు. "నా బిడ్డనే. వెల్డింగు పని నేర్సుకుంటున్నది. ఇంజనీరింగు నేను సదివియ్యలేక పోయిన."

చట్రం ఎక్కి మధ్యలో కూర్చున్నాడు. కూర్చుని దగ్గాడు. ఆ దగ్గుకు ఒళ్లంతా అదిరింది, చట్రం కదల్లేదు.

తండ్రి తనను ఒప్పుకున్నందుకు సంతోషం రావాలి. రవళికి రాలేదు. శవాన్ని పెట్టే ఆ చట్రం మీద ఆయన ఎంత కొంచెం చోట్లో సరిపోయాడో చూసింది. ఏడుపు ఆగలేదు.

ఉస్తాద్ వంగి నాలుగు కాళ్లూ చేత్తో ఊపి చూశాడు. లేచి సమ్మయ్యకు చెయ్యందించాడు.

"దిగు అన్నా. ఇయ్యాల నీ వంతు కాదు."