బిరుదులు చెక్కిన గుండు

రౌద్రి నామ సంవత్సరం, ఫాల్గుణ మాసం. ఇప్పపూలు రాలే రోజులు, కొండల మీద పోడు కాల్చే రోజులు.

అప్పట్లో తూర్పు కొండల కింద ఒక సంస్థానం ఉండేది. ఇప్పుడు లేదు కాబట్టి దాని పేరుతో మనకు పనిలేదు. ప్రతాప జగద్దేవు అనే రాజు దాన్ని ఏలేవాడు. ఆయనకు పదకొండు బిరుదులు. వాటిలో ఏడు ఆయన తనకు తానే ఇచ్చుకున్నవి.

కోటలో ఆయుధశాల పక్క గదిలో దాలెయ్య అనే కమ్మరి ఉండేవాడు. సీసం కరిగించి తుపాకీ గుండ్లు పోయడం అతని పని. కొండమీది ఊరివాడు. అంత బాగా గుండు పోసేవాడు చుట్టుపక్కల లేడని విని, ఒక్క వేట కాలానికి రమ్మని రాజు పిలిపించాడు. అది ఏడేళ్ళ కిందటి మాట.

"ఇంటికి పోయి వస్తాను ప్రభూ" అని దాలెయ్య ప్రతి ఏడూ అడిగేవాడు.

"ఈ వేట కానీరా" అని రాజు ప్రతి ఏడూ అనేవాడు.

దాలెయ్య గదికి తూర్పు వైపు ఒక కిటికీ ఉంది. అందులోంచి కొండలు కనిపించేవి. పొద్దున నీలంగా, మధ్యాహ్నం మసక మసకగా, సాయంత్రం దగ్గరికి వచ్చినట్టుగా. పోడు పొగలు లేస్తే అతను పని ఆపి లెక్కపెట్టేవాడు. ఎడమ చివర నుంచి నాలుగో పొగ తన ఊరిది. ఆ పొగ కింద అతని భార్య సోములమ్మ ఉంటుంది. తెల్లవారకుండానే గంప పట్టుకుని ఇప్పపూలు ఏరడానికి పోతుంది. ఆ పూల వాసన కోటదాకా రాదు. అయినా దాలెయ్య గాలి అటునుంచి వీచినప్పుడల్లా కిటికీ దగ్గరికి పోయి నిలబడేవాడు.

ఆ ఏడు వేటకు ముందు అతని బావమరిది లక్కన్న కోటకు వచ్చాడు. డప్పులు కొడుతూ మృగాన్ని తుపాకీ వైపు తోలే కొండవాళ్ళకు అతనే పెద్ద.

"మీ అక్క ఏమంది?" అన్నాడు దాలెయ్య, ఇంకా అతను కూర్చోకముందే.

"ఏటంటాది బావా. 'ఈ ఏడైనా వత్తాడా, లేపోతే నానే కోటకొచ్చి ఆ రాజునే అడిగీమంటాడా?' అంది."

"ఇంకోసారి చెప్పు."

"ఏటి?"

"అది అన్నట్టే అను. గొంతు అలాగే పెట్టి అను."

లక్కన్న నవ్వుతూ అక్క గొంతు పెట్టి మళ్ళీ చెప్పాడు. దాలెయ్య కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఈ ఏడు వస్తాను" అన్నాడు కళ్ళు తెరిచి.

ఆ మాట అనడం తేలికే. రాజు కిందటి ఏడే తేల్చి చెప్పాడు: "అడవిదున్న పడేదాకా నువ్వు ఇంటి ముఖం చూడవు." ఎందుకంటే కిందటి ఏడు రాజు దున్నను కొట్టాడు, దున్న పడలేదు. దెబ్బతిన్న మృగం వెనక్కి తిరిగి, డప్పు కొట్టే బుద్దన్న అనేవాణ్ణి కొమ్ములతో ఎత్తి చంపింది. తప్పంతా గుండు పోసిన చేతిదేనని సభలో తీర్పయింది.

నిజానికి ఆ గుండు ఎలా ఉండాలో నిర్ణయించింది దాలెయ్య కాదు. ఆస్థాన పండితుడు గంగాధర సోమయాజి. ఈ ఏడూ ఆయనే నిర్ణయించబోయాడు.

సభ జరిగింది. రాజు తన జంట గొట్టాల తుపాకీని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏరా దాలిగా, ఈసారి ఏ గుండు పోస్తావు?"

"పులికైతే మెత్త గుండు ప్రభూ, వట్టి సీసంతో. పులి తోలు పల్చన. గుండు లోపలికి పోయి విచ్చుకుంటుంది, పులి అక్కడే పడుతుంది. దున్నకు అది పనికిరాదు. దాని భుజం మీద తోలు నా బొటనవేలంత మందం. తోలు కింద కండ, కండ కింద ఎముక. మెత్త గుండు ఆ తోలు దగ్గరే అప్పచ్చిలా అణిగిపోతుంది. కిందటి ఏడు అయింది అదే. సీసంలో కాస్త తగరం కలిపి గట్టి గుండు పోస్తే ఎముకను విరగ్గొట్టి గుండెదాకా పోతుంది."

సోమయాజి చెవులు మూసుకున్నాడు.

"కలపడమా! మహారాజా, విన్నారా? తమ వంశంలో పద్నాలుగు తరాలుగా ఏ కలగలుపూ లేదు. అలాంటి చేతినుంచి కలగలుపు గుండు వెళ్ళాలా? మేలిమి సీసం ఉండాలి. దానిమీద బంగారు రేకు తాపడం చెయ్యాలి. ఆ రేకు మీద తమ బిరుదులు చెక్కాలి. ఏ ప్రభువు చేతిలో పోతున్నదో ఆ మృగానికి తెలియాలి!"

"దున్నకు చదువు వచ్చా పంతులుగారూ?" అన్నాడు దాలెయ్య.

"నీకు రాకపోతే దానికీ రాదనుకోకు."

"తమరు దున్నను ఎప్పుడైనా చూశారా?"

"నా మృగయా శతకంలో నలభై పద్యాల్లో చూశాను."

సభ నవ్వింది. రాజుకు మాత్రం బిరుదుల మాట నచ్చింది. మీసం దువ్వాడు.

"పదకొండూ పడతాయా?"

"గుండు ఉసిరికాయంతే ప్రభూ. ఒక్కోదానిమీద రెండు పడితే గొప్ప" అన్నాడు దాలెయ్య.

"అయితే రెండు గుండ్లకు నాలుగు. ఉన్నవాటిలో పొడుగైనవి చెక్కు."

"మొదటి రెండు బిరుదులకు చావకపోతే తక్కిన రెండూ దాని పని చూస్తాయి" అన్నాడు సోమయాజి.

దాలెయ్య అక్కడే నిలబడ్డాడు. అతని మనసులో బుద్దన్న ఉన్నాడు, ఈసారి డప్పు పట్టుకోబోయే లక్కన్న ఉన్నాడు, నాలుగో పొగ ఉంది. మెత్త గుండుతో దున్న పడదు. దున్న పడకపోతే మరో ఏడు.

"పంతులుగారూ, ఒక్క సందేహం. చెక్కేటప్పుడు తప్పు పోతే చెరిపి మళ్ళీ చెక్కవచ్చా?"

"చెరపడమా! రాజుగారి పేరు ఒకసారి చెక్కాక చెరిపితే రాజద్రోహం. ఆ చెయ్యి నరకాలి."

"మహారాజుగారు కూడా అంతేనంటారా?"

"అంతే" అన్నాడు రాజు.

"చిత్తం" అని దాలెయ్య వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ కొండల్లో ఒక కట్టుబాటు ఉంది. గుండు పోసినవాడు దానిమీద మేకుమొనతో తన గుర్తు గీస్తాడు. గుర్తు ఎవరిదో వాడు వేటలో తుపాకీ పక్కన నిలబడాలి. చేతిలో ఆయుధం ఉండకూడదు, కాళ్ళకు చెప్పులు ఉండకూడదు. మృగం పడేదాకా కదలకూడదు. తన ప్రాణం పక్కన పెట్టినవాడు చెడ్డ గుండు పోయడని కొండవాళ్ళ నమ్మకం. ఆ మనిషి నిలబడితే తప్ప వాళ్ళు డప్పు కొట్టరు. ఏడేళ్ళుగా దాలెయ్య అలాగే నిలబడుతున్నాడు. రాజు మాత్రం అతను తన మీద భక్తితో నిలబడుతున్నాడని అనుకునేవాడు. అడగాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

వేట రోజు వచ్చింది. పొద్దున్నే కోట ముందు డెబ్భైమంది కొండవాళ్ళు డప్పులతో చేరారు. రాజు ఆకుపచ్చ కోటు వేసుకుని, జరీ చెప్పులు తొడుక్కుని మెట్లమీదికి వచ్చాడు. దాలెయ్య ఇత్తడి పళ్ళెంలో రెండు బంగారు గుండ్లు తెచ్చాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రాజు ఒకటి తీసి ఎండలో తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"భేష్! ఎంత బాగా చెక్కావురా!"

దాలెయ్య పళ్ళెం కింద పెట్టి, రాజు కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, జరీ చెప్పుల మీద చెయ్యి వేశాడు.

"ఏం చేస్తున్నావు?"

"చెప్పులు విప్పుతున్నాను ప్రభూ. తుపాకీ ఎవరికి ఇమ్మంటారు? సోమయాజిగారు పట్టుకుంటారా?"

సోమయాజి రెండు అడుగులు వెనక్కి వేశాడు.

"నా తుపాకీ ఇంకొకడికి ఎందుకు ఇస్తానురా?" అన్నాడు రాజు.

"గుండు మీద గుర్తు తమది కదా. గుర్తు ఎవరిదో వాళ్ళు వట్టి చేతులతో, వట్టి కాళ్ళతో పక్కన నిలబడాలి. ఇన్నేళ్ళూ నా గుర్తు కాబట్టి నేను నిలబడ్డాను. ఈ ఏడు ఆ భాగ్యం ఏలినవారిది."

రాజు ముఖం ఎర్రబడింది.

"రాజును దున్న ముందు నిలబెడతావా?"

"నాకెంత ధైర్యం ప్రభూ! నిలబెట్టేది గుండు."

రాజు లక్కన్న వైపు చూశాడు. "ఏమిరా, ఇది నిజమేనా?"

లక్కన్న డప్పు భుజం మీదినుంచి దించి నేలమీద పెట్టాడు. "గురుతు ఎవులిదో ఆలే నిలబడాల దొరా. తాతల కాడినుంచీ అంతే. తవురు నిలబడితే మా డప్పులు ఇరిగిపోయేలా కొడతాం. నిలబడకపోతే మా సేతులాడవు."

అతని వెనక డెబ్భైమందీ తమ డప్పులు దించారు.

"అయితే ఆ పేరు గీకి పారెయ్యి!" అన్నాడు రాజు.

దాలెయ్య తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. "చెయ్యి నరుకుతారు కదా ప్రభూ. పంతులుగారు చెప్పారు. తమరూ అంతేనన్నారు."

రాజు సోమయాజి వైపు తిరిగాడు. "దీనికి పరిహారం చెప్పవయ్యా!"

సోమయాజి తన శతకాన్ని మనసులో తిరగేశాడు. నలభై పద్యాల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

అప్పుడు దాలెయ్యే నెమ్మదిగా అన్నాడు:

"నాకు తోచింది చెప్పమంటారా? ఇంత గొప్ప పేరును దున్న తోలు మీద పారెయ్యడం ఎందుకు? ఈ రెండు గుండ్లనూ గద్దె పక్కన పట్టుదిండు మీద పెట్టించండి. వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టుకుంటారు. అడవికి మాత్రం పేరూ ప్రతిష్ఠా లేని గుండ్లు చాలు. నేను రెండు పోసి పెట్టాను. తగరం కలిపినవి. వాటిమీద నా గుర్తే ఉంది."

నడుముకు కట్టిన గుడ్డ విప్పి చూపించాడు. బూడిదరంగు గుండ్లు రెండు. ఒక్కోదానిమీద ఒక అడ్డగీత.

రాజు ఆ గుండ్లను చూశాడు. పళ్ళెంలో మెరుస్తున్నవాటిని చూశాడు. సగం ఊడిన తన చెప్పును చూసుకున్నాడు. ముందు మీసం కదిలింది. తరువాత భుజాలు కదిలాయి. తరువాత మెట్ల మీదే కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాక డెబ్భైమందీ నవ్వారు. సోమయాజి అందరికంటే ఆలస్యంగా నవ్వాడు.

"దొంగవెధవా! ఎప్పటినుంచి పన్నావురా ఇది?"

"సభనుంచి ఇవతలికి వచ్చినప్పటినుంచి ప్రభూ."

"పళ్ళెంలో ఆ రెండు గుండ్ల బంగారమూ తీసుకో. ఇంకేం కావాలో అడుగు."

"బంగారం వద్దు ప్రభూ. దున్న పడితే ఇంటికి పోతాను. మళ్ళీ రాను."

రాజు నవ్వు ఆగింది.

"నువ్వు పోతే నాకు గుండు ఎవరు పోస్తారురా?"

ఆ అడగడంలో గద్దింపు లేదు. దాలెయ్యకు ఏడేళ్ళలో మొదటిసారి ఆ మనిషి మీద జాలి కలిగింది.

"ఎవరైనా పోస్తారు. పది పాళ్ళు సీసానికి ఒక పాలు తగరం. అచ్చు చల్లగా ఉండకూడదు. అంతే విద్య. ఇన్నేళ్ళూ నన్ను ఎవరూ అడగలేదు."

"దున్న పడితే పో" అన్నాడు రాజు.

మధ్యాహ్నానికి డప్పులు మొదలయ్యాయి. వెదురుపొద చీల్చుకుని దున్న వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, కాళ్ళకు తెల్ల మేజోళ్ళు తొడిగినట్టుగా. రాజు గురిచూశాడు. దాలెయ్య ఆయన ఎడమ పక్కన వట్టి చేతులతో నిలబడ్డాడు. ఎదురుగా కొండ ఉంది. ఇంత దగ్గరినుంచి చూసి ఏడాదయింది. అతను దున్నకంటే కొండనే ఎక్కువ చూశాడు.

మొదటి గుండు దున్న భుజం ఎముకను విరగ్గొట్టింది. అది ముందుకాళ్ళ మీద కూలి, మళ్ళీ లేచి, మూడు కాళ్ళమీద ఎడమవైపు, దాలెయ్య వైపు తిరిగింది. రాజు తుపాకీని అటు తిప్పాడు. గొట్టం దాలెయ్య చెంపకు బెత్తెడు దూరంలో ఉంది. కదలకూడదు. కదల్లేదు. రాజు రెండో గుండు పేల్చాడు.

దున్న అతనికి ఆరడుగుల ముందు పడింది. డప్పు కొట్టినవాళ్ళలో ఎవరికీ చిన్న గాయం కాలేదు. రాజు తన మెడలోని శాలువ తీసి దాలెయ్యకు కప్పి, ఏదో చెబుతూ నవ్వాడు. దాలెయ్య శాలువకు దణ్ణం పెట్టాడు. అతని చెవినుంచి మెడమీదికి నెత్తురు కారడం లక్కన్న చూసి, తన తలగుడ్డతో ఒత్తి పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి ఇద్దరూ కొండమీది ఊరు చేరారు. సోములమ్మ ఇప్పపూలు ఆరబోస్తున్నది. చూసింది. గంప వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అతని భుజాలు పట్టుకుని ఊపుతూ, ఏడుస్తూ, తిడుతూ, నవ్వుతూ ఆపకుండా మాట్లాడింది. దాలెయ్య ఆమె పెదవులను చూస్తూ నిలబడ్డాడు.

చెంప పక్కనే పేలిన ఆ రెండో గుండుకు అతని రెండు చెవులూ పోయాయి. తరువాత అతను ఇరవై ఆరేళ్ళు బతికాడు. వినికిడి మళ్ళీ రాలేదు.