నూకరాజు పడవ

గోదావరి నడుమ లంకలో ఉండే విశ్వపతిగారిని ఎవరైనా ఒక మాటకు అర్థం అడిగితే, ఆయన వెంటనే చెప్పేవారు కాదు. "ఏ దారిన వచ్చావు?" అని ముందు అడిగేవారు. కొత్తవాళ్లు అది కుశలప్రశ్న అనుకునేవారు. పాత శిష్యులు మాత్రం కాస్త జంకేవారు.

సదాశివం పాత శిష్యుడే. గోదావరి ఒడ్డునున్న ఊళ్లో బడిపంతులు. సంఘం ఒకటి పెట్టి కొందరి చేత తాగుడు మాన్పించాడు. ఆ రోజు, నెలలు నిండవస్తున్న భార్య విశాలాక్షిని గురువుగారి ఆశీస్సుల కోసం తీసుకొచ్చాడు. నమస్కారాలయ్యాక అడిగాడు.

"సంస్కరణ అంటే ఏమిటండీ? చట్టం మారిస్తే సంస్కరణే అంటారు, ఆచారం తీసేస్తే సంస్కరణే అంటారు, చెడ్డవాడు బాగుపడితే అదీ ఆ మాటే. వచ్చే సభలో మాట్లాడాలి. అసలర్థం ఏది?"

"ఏ దారిన వచ్చావు?"

సదాశివం తల దించుకున్నాడు. "పై రేవు నుంచండీ."

పై రేవు దూరం. ఎండలో కోసెడు నడవాలి. ఊరి రేవులో నూకరాజు పడవ ఉంది. అయితే ఒకప్పుడు ఆ నూకరాజు తాగి పడవ నడిపి, పెళ్లివారిని నడిగోదాట్లో ముంచాడు. తల్లీకూతుళ్లిద్దరు పోయారు. జైలుకు వెళ్లివచ్చాక అతను చుక్క ముట్టలేదు. సభలో అతని చేత ప్రమాణం చేయించి, మెడలో దండ వేసి, "సంస్కరణ అంటే ఇదీ!" అని చూపించింది సదాశివమే. ఆ తర్వాత ఆ పడవలోకి కొబ్బరికాయలెక్కాయి, గడ్డిమోపులెక్కాయి. మనిషన్నవాడు ఎక్కలేదు.

"నూకరాజు గడ్డి కోసం వచ్చి రేవులోనే ఉన్నాడు. పోయేటప్పుడు అతనితో పొండి," అన్నారు గురువుగారు.

కాదనలేకపోయాడు. భార్యను బల్ల మీద జాగ్రత్తగా కూర్చోబెట్టి, తాను కావాలనే నూకరాజుకు దగ్గరగా కూర్చున్నాడు. అతను మాట్లాడినప్పుడల్లా మెడ చాచి ఊపిరి వాసన చూశాడు. చుట్ట వాసన తప్ప ఏమీ లేదు. అయినా గుండె కుదురుకోలేదు. గాలి లేచింది. నీళ్లు రంగు మారాయి.

విశాలాక్షి మాత్రం నిదానంగా పలకరించింది. "పిల్లలున్నారా నూకరాజూ?"

"ఒక్క పిల్లమ్మా. అత్తారింటికాడుంది." తెడ్డు రెండుసార్లు వేసి అన్నాడు, "అదీ నా పడవెక్కదు."

నది మధ్యకు వచ్చేసరికి తెడ్డు మీద నూకరాజు చేతులు వణకసాగాయి. చూస్తుండగానే వణుకు మోచేతుల దాకా పాకింది. సదాశివానికి పై ప్రాణాలు పైకే పోయాయి. తాగాడు, ఎక్కడో దాచుకుని తాగాడు! అంతే, దిగ్గున లేచి తెడ్డు లాక్కోబోయాడు. పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. నీళ్లు లోపలికి దూకాయి. విశాలాక్షి బల్ల మీద నుంచి జారి, ఒక చేత్తో కడుపును, ఒక చేత్తో అంచును పట్టుకుని కెవ్వుమంది.

"కూకోండి పంతులుగారూ! కూకోండి!"

నూకరాజు రెండో అంచు మీద తన బరువంతా వేసి పడ్డాడు. పడవ ఊగి ఊగి నిలబడింది. నీళ్లు తోడిపోస్తూ, ముఖం ఎత్తకుండానే అతను అన్నాడు.

"తాగలేదండి. ఆళ్లు పోయింది ఇక్కడేనండి. ఉట్టి పడవేసుకొచ్చినా, ఇక్కడికొచ్చేతలికి చేతులు ఇలాగే ఆడతాయండి."

ఒడ్డు చేరాక విశాలాక్షి దిగడానికి మొగుడి వైపు చూడలేదు. నూకరాజుకు చెయ్యి చాచింది. అతను తువ్వాలుతో అరచెయ్యి తుడుచుకుని, భయపడుతూ పట్టుకున్నాడు.

ఆ తర్వాత సదాశివానికి అన్నం సయించలేదు. వారం తిరక్కుండానే ఒక్కడూ నూకరాజు పడవెక్కి, రెండు చేతులా బల్ల పట్టుకుని కూర్చుని, లంకకు వెళ్లాడు. ఏదీ దాచకుండా గురువుగారికి చెప్పుకున్నాడు.

"ముంచబోయింది నేనేనండీ, ఒప్పుకుంటాను. కానీ ఒక్క అనుమానం పీకుతోంది. ఇవాళా అతని చేతులు వణికాయి. నిజంగా బాగుపడినవాడికి ఆ వణుకు పోవాలి కదా?"

విశ్వపతిగారు నది వైపు చూశారు.

"అది ఆగిన రోజున," అన్నారు, "ఆ పడవ ఎక్కకు."