కలుపు తీయడానికొచ్చిన మేక

కొండ పక్కన మనుషులు రాయి కొట్టుకుని వదిలేసిన పెద్ద గుంత ఒకటి ఉండేది. రాయి అయిపోయాక లారీలు రావడం మానేశాయి, జంతువులు రావడం మొదలుపెట్టాయి. అరక లాగలేడని రైతు వదిలేసిన ముసలి ఎద్దు పుల్లన్న ముందుగా చేరాడు. ముళ్లపంది నేల తవ్వేది. పిట్టలు గింజలు తెచ్చి పడేసేవి. పుల్లన్న కొమ్ములతో మట్టి కుమ్మి మొక్కల మొదళ్లకు ఎగదోసేవాడు. అలా కొన్నేళ్లకు అక్కడ నేరేడు, వేప, సీమచింత మొక్కలు లేచాయి. దానికి ఉమ్మడి వనం అని పేరు పెట్టుకున్నారు.

వనం చూడ్డానికి ఎవరైనా రావచ్చు. పొదల నీడన కూర్చోవచ్చు, రాలిన రేగుపండు తినొచ్చు. మొక్క మీద మాత్రం నోరు వేయకూడదు. ఓపికున్నవాళ్లు ఉండి ఏదో ఒక పని అందుకోవచ్చు. పని చేస్తామని వచ్చినవాళ్లను వద్దనకూడదన్నది అక్కడి కట్టుబాటు.

ఒక వేసవి చివర చుక్కమ్మ అనే మేక వనం చూడ్డానికి వచ్చింది. ప్రతి మొక్క దగ్గరా ఆగి పేరడిగింది, ఎన్నాళ్లదని అడిగింది, ఎంత లేత ఆకో అని మెచ్చుకుంది. అంతా తిరిగి పుల్లన్న దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఇన్నాళ్లూ తినడంతోనే సరిపోయింది మామా. ఇకనైనా నాలుగు మొక్కలకు సేవ చేసి పుణ్యం కట్టుకోవాలని ఉంది. కలుపు తీసే పని నాకివ్వు. నా నోటికి మించిన కొడవలి ఈ చుట్టుపక్కల లేదు."

ఆ చివరి మాట అబద్ధం కాదు. దూసర తీగ మొక్కల మీదికి ఎగబాకి వాటి గొంతు నులిమేస్తోంది. దాన్ని పీకడం ఎవరివల్లా కావడం లేదు. అయినా సీమచింత పొద కింద పిల్లలతో కాపురముంటున్న కౌజుపిట్ట ముత్యాలు ఒప్పుకోలేదు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటామని అడిగింది. పుల్లన్న కట్టుబాటు గుర్తుచేశాడు. చుక్కమ్మ పనిలో చేరింది.

మొదట్లో బాగానే చేసింది. గరిక కొరికింది, తుంగ కొరికింది, మొక్కల మీది దూసర తీగ కాస్త లాగింది. నాలుగు రోజులు గడిచాక ఒక పొద్దున చూస్తే ముత్యాలు ఉండే సీమచింత పొద పుల్లలుగా నిలబడి ఉంది. ఆకన్నది లేదు.

పుల్లన్న ఇదేమిటని అడిగాడు. చుక్కమ్మ తడబడలేదు.

"కలుపంటే ఏమిటి మామా? నాటకుండా మొలిచింది. ఈ సీమచింతను ఎవరు నాటారు? పిట్ట రెట్టలో పడి మొలిచింది. పనిలోకి దిగాక నాకు తనా పరా లేదు."

ఆ లెక్కన వనంలో సగం మొక్కలు కలుపే. 

ఆ మధ్యాహ్నం గద్ద వచ్చింది. దాని నీడ నేల మీద పడగానే కౌజు పిల్లలు అలవాటు కొద్దీ పొద కిందికి పరుగెత్తాయి. పొదలో దాక్కోవడానికి ఆకు లేదు. గద్ద ఒక పిల్లను తన్నుకుపోయింది. ముత్యాలు మిగిలినవాటిని రెక్కల కింద పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది.  ఎండ చల్లబడ్డాక పుల్లన్న దగ్గరికి వెళ్లి, మేకను తరిమెయ్యమంది, లేకపోతే పిల్లల్ని తీసుకుని తానే పోతానంది.

పుల్లన్న అప్పటిదాకా నెమరు కూడా వేయకుండా పడుకుని ఉన్నాడు. లేచి మెల్లగా చెప్పాడు.

"తరిమితే పోతుంది తల్లీ. పోయి మనం చూడని వేళ గుంత చుట్టూ ఉన్న రాతిగోడ దూకి వస్తుంది. మేకకు గోడ ఒక అడ్డా? ఇక్కడే ఉంటే కళ్ల ముందుంటుంది. నేను రైతు దగ్గర బతికినవాణ్ణి. ఒక్క రోజు ఆగు."

మర్నాడు చుక్కమ్మ బండ నీడన కునుకు తీస్తుండగా పుల్లన్న వెళ్లి చిన్న నీటిగుంటలో పేడ వేశాడు. ముళ్లపంది దాన్ని కలియదొక్కింది. పిట్టలు రెక్కలు ముంచుకుని వెళ్లి మొక్కల మీద విదిలించాయి. నేరేడు మీద, వేప మీద, పొదల చిగుళ్ల మీద అంతటా పేడనీళ్లు పడ్డాయి. దూసర తీగ మీద మాత్రం చుక్క పడనివ్వలేదు.

చుక్కమ్మ నిద్ర లేచి, ఎవరూ చూడటం లేదనుకుని నేరేడు మీద మూతి పెట్టింది. తుమ్మి వెనక్కి తగ్గింది. వేప దగ్గరికెళ్లింది, అదే కంపు. పుల్లన్న దగ్గరికొచ్చి ఇదేం పనని నిలదీసింది. ఎరువని చెప్పాడు.

"ఎరువు మొదలు దగ్గర వేస్తారు గానీ ఆకుల మీద వేస్తారా మామా?"

"ఆకు మీద పడ్డది కారి మొదలుకే చేరుతుందమ్మా. అయినా మొక్కను తినేవాళ్లకు కంపు గానీ, కలుపు తీసేవాళ్లకేముంది?"

చుక్కమ్మ మళ్లీ బండ నీడకు వెళ్లింది. సాయంత్రానికి ఆకలి పెరిగింది. కంపు లేనిది దూసర తీగ ఒక్కటే. దాన్నే తింది. మర్నాడూ అదే తింది. వాన కురిసి ఆకులు కడిగేసినప్పుడల్లా పిట్టలు మళ్లీ రెక్కలు ముంచేవి. తీగ వదిలిపోయి మొక్కలు ఊపిరి తీసుకున్నాయి. మోడైన సీమచింత కూడా చిగురించింది. వనం చూడ్డానికొచ్చినవాళ్లంతా ఈ పుణ్యం చుక్కమ్మదేనని చెప్పుకునేవాళ్లు. పొగడ్త ఉంది, తిండి ఉంది. ఎక్కడికి పోతుంది?

ఒకసారి చూడ్డానికొచ్చిన ఒక గొర్రె మొక్కలను వాసన చూసి, మా ఊళ్లోనూ రైతులు ఇంతే, మనం నోరు పెట్టకుండా మొక్కల మీద పేడనీళ్లు చల్లుతారని మామూలుగా అనేసి పోయింది. అది ఎరువు కాదని, తన నోరు కట్టడానికేనని చుక్కమ్మకు అప్పుడు తెలిసింది. కడుపు మండిపోయింది. కానీ ఎవరితో చెబుతుంది, ఏమని చెబుతుంది? నన్ను తిననివ్వకుండా చేశారంటే, తినడానికే వచ్చానని ఒప్పుకున్నట్టే. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుని, గట్టి ముసురు కోసం కాచుకుంది.

రెండో ఏడు వానాకాలం దాకా అలాంటి ముసురు పట్టలేదు. పట్టినప్పుడు విడవలేదు. పిట్టలు చెట్ల లోపల ముడుచుకుని కూర్చున్నాయి, ఆకులన్నీ శుభ్రంగా కడిగినట్టున్నాయి. చుక్కమ్మ వానలో తడుస్తూ నేరేడు దగ్గరికి పరుగెత్తింది. మెడ చాచింది. కొమ్మ అందలేదు. ముందుకాళ్లు మాను మీద ఆనించి నిలబడి నాలుక చాచింది. అయినా అందలేదు. తాను తీగలు తింటూ తలదించుకుని తిరిగినన్నాళ్లలో చెట్లన్నీ తన ఎత్తు దాటిపోయాయి.

వాన సరదాకు వచ్చిన బాతులు కొన్ని అటుగా పోతూ ఆగాయి. కన్నబిడ్డలా పెంచింది కదా, ఎంత ఎదిగిందో చూసుకుంటోంది అని ఒక బాతు తన పిల్లలకు చూపించింది.

చుక్కమ్మ మెల్లగా కాళ్లు కిందికి దించింది.

"అవునమ్మా, బాగానే ఎదిగింది" అని, గోడవారన మిగిలిన దూసర తీగ వైపు నడిచింది.

తిండిబోతును తరిమి కాపలా కాయడం కన్నా, దాని ఆకలిని కలుపు మీదికి మళ్లించడం మేలు.