దివానుగారి డబ్బా

ఎప్పటి రాజ్యమో అడక్కండి గానీ, రాజుగారి కచేరీలో నలభై కంప్యూటర్లుండేవి. తమంతట తాము లేవడానికి ఒక్కదానికీ డిస్కు లేదు పాపం! పొద్దున్నే మీట నొక్కితే "నన్ను లేపేదెవరు?" అని వైర్లలో కేకేసేవి. ఎవరు ముందు పలికితే వాళ్ళ మాటే వినేవి. రోజూ కింది గదిలోని పెద్ద సర్వరు పలికి లేపేది. ఆ రోజు ఒక్కటీ లేవలేదు.

"వైర్లు వేసిన పైడయ్యదే తప్పు. పనిలోంచి తీసెయ్యండి ప్రభూ!" అన్నారు దివాను గజపతిరావు.

పైడయ్య వైర్లన్నీ తడిమి చూశాడు, బాగానే ఉన్నాయి. దివానుగారి గదిలో మాత్రం, నిన్న ఆయన దర్జాకి అవే వైర్లకి పెట్టించుకున్న నెట్ డబ్బా మిణుకుమిణుకుమంటోంది. ఉత్త మాట చెబితే నమ్మేదెవరు?

"మహారాజా, ఇవాళ కూరేమిటో వంట సూరమ్మని అడిగి చూడండి," అన్నాడు రాజుగారి దగ్గరికొచ్చి.

రాజుగారు సూరమ్మని పిలిపించి, "ఏం సూరమ్మా, ఇవాళ..." అన్నారో లేదో, "గుత్తివంకాయ ప్రభూ!" అనేశారు దివాను.

"దొండకాయండీ," అంది సూరమ్మ మెల్లగా.

"జబ్బు ఇదే, మహారాజా! కంప్యూటర్లు సర్వరుని అడుగుతుంటే దివానుగారి డబ్బా ముందే పలికేస్తోంది. తీరా చూస్తే వాటిని లేపే సరుకేదీ దాని దగ్గర లేదు," అన్నాడు పైడయ్య.

డబ్బా పీకేశారు. నలభై కంప్యూటర్లూ కళ్ళు తెరిచాయి.

"అయితే ఇప్పుడు పనిలోంచి తీసెయ్యాల్సింది ఎవరిని?" అన్నారు రాజుగారు.

మొట్టమొదటిసారి దివానుగారు, వేరేవాళ్ళెవరైనా ముందు పలుకుతారేమోనని చూస్తూ నిలబడ్డారు.