ఓదెమ్మ చాప, నల్ల స్పాంజి

ఇటు జరగండి పిల్లలూ, ఇంకాస్త దగ్గరికి. రాజేశం, ఆ పలక కింద పెట్టు, దాని మీద కూర్చోకు. వెనక గుసగుసలాడేవాళ్లు ముందుకు వస్తే కథ వినబడుతుంది, రాకపోతే గుసగుసలే వినబడతాయి. మీ ఇష్టం.

ఒక చిన్న పట్నంలో నీలకంఠాచారి అని ఒక గురువు ఉండేవాడు. గడ్డం లేదు, కాషాయం లేదు. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి బాగుచేసి బతికేవాడు. గురువారం సాయంత్రం పని ఆపి, ముందుగదిలో చాపలు పరిచేవాడు. పాతిక ముప్పై మంది వచ్చేవారు. తత్వాలు పాడుకునేవారు, అడగాల్సింది అడిగేవారు, వెళ్లేవారు.

ఆయన శిష్యుల్లో చక్రపాణి ఒకడు. ఆసుపత్రిలో ఆపరేషను కత్తెరలు, కత్తులు ఉడకబెట్టి శుద్ధి చేసే ఉద్యోగం. మంచివాడే. కాకపోతే శుభ్రం అంటే ప్రాణం. గురువుగారింట్లో చాపలు కూడా దులిపి, మళ్లీ దులిపి పరిచేవాడు.

అతనికి ఒక్కటే బాధ. ఆ బాధ పేరు ఓదెమ్మ.

ఓదెమ్మకు డెబ్బై దాటాయి. గురువుగారి దగ్గరికి అందరికంటే ముందు వచ్చిన మనిషి. నశ్యం పీలుస్తుంది, తుమ్ముతుంది. అందరూ ఒక శ్రుతిలో పాడుతుంటే ఆమె ఇంకో దారిలో పోతుంది. పోయిన వారం అడిగిన ప్రశ్నే ఈ వారం కూడా అడుగుతుంది.

"అయ్యా, సత్సంగం శుభ్రంగా ఉండాలి గదా," అన్నాడు చక్రపాణి ఒకరోజు. "ఆమెను బయట మెట్ల మీద కూచోమంటాను. అక్కడికీ వినబడుతుంది."

గురువు తీగ చుట్టడం ఆపలేదు. "ఓదెమ్మ సంగతి తర్వాత చూద్దాం. నువ్వు ముందు ఈ తొట్టి సంగతి చూడు పాణీ."

ముందుగదిలో పన్నెండేళ్లుగా ఒక చిన్న గాజుతొట్టి ఉంది. అందులో ఏడు బంగారు చేపలు. మొదట్లో అగ్గిపుల్లంత ఉండేవి, ఇప్పుడు అరచేయంత అయ్యాయి. తిరగడానికి చోటు చాలడం లేదు. ఈమధ్యే ఒక శిష్యుడు హోటలు ఎత్తేస్తూ ఆరడుగుల తొట్టి ఇచ్చి వెళ్లాడు. దానికి సరిపడే ఫిల్టరు, పంపు కావాలి.

"నువ్వే ఎంచుకో," అన్నాడు గురువు. "వీటి ప్రాణం నీ చేతిలో పెడుతున్నా."

చక్రపాణి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గురువుగారు వద్దనలేదంటే ఒప్పుకున్నట్టే అనుకుని, ఆ గురువారమే ఓదెమ్మను మెట్ల మీద కూర్చోబెట్టాడు. ఆమె అక్కడే చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు నగరానికి పోయి మూడు దుకాణాలు తిరిగాడు. ఉన్నవాటిలో పెద్ద ఫిల్టరు తెచ్చాడు. తొట్టి బయట పెట్టే డబ్బా అది. లోపల అరలు, అరల్లో స్పాంజీలు, పింగాణీ ముక్కలు, పైన తెల్లటి దూది. పంపు కూడా అన్నిటికంటే బలమైనదే తెచ్చాడు. తొట్టిలో పట్టే నీళ్లు ఆరువందల యాభై లీటర్లు. పంపు గంటకు ఆరువేల లీటర్లు తోడుతుంది.

మంగళవారం కొత్త తొట్టిలోకి చేపల్ని దించి పంపు వేసేసరికి ఏడూ ఒక మూలకు కొట్టుకుపోయాయి. పొడుగు తోకల చేపలవి, ఆ వేగానికి ఎదురీదలేక అవస్థపడ్డాయి. మేత వేస్తే నోటికందేలోపే ఎగిరిపోయింది.

గురువు చూశాడు. "సల్లగాలి కావాలని తుఫానులో విస్తరేసుకుంటామా పాణీ?"

ఆయనే పంపు మీదున్న మర తిప్పి వేగం సగానికి తగ్గించాడు. నీళ్లు పడే గొట్టాన్ని అద్దం వైపు మళ్లించాడు. చేపలు కుదుటపడ్డాయి. ఆ తప్పు అక్కడితో సర్దుకుంది.

ఇంకో తప్పు ఉంది. అది పైకి కనబడలేదు.

పాత తొట్టిలో పాత స్పాంజి ఫిల్టరు ఉండేది. పిడికెడు స్పాంజి, దానికో గాలి గొట్టం. పన్నెండేళ్లకు అది నల్లగా, జిగటగా తయారైంది. చక్రపాణి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, పెరట్లో పారేయబోయాడు.

"అది కూడా కొత్త డబ్బాలో పెట్టరాదూ?" అన్నాడు గురువు.

"పన్నెండేళ్ల మురికి అయ్యా ఇది! నేను తెచ్చిన ఫిల్టరులో పెడితే, కడిగిన కత్తెర తీసుకెళ్లి మోరీలో ముంచినట్టే."

గురువు ఆ స్పాంజి చేతిలోకి తీసుకుని, పాత తొట్టి నీళ్లు ఒక బకెట్‌లో పోసి, అందులో వేశాడు. పాత గాలి గొట్టమే తగిలించాడు. బుడబుడమని బుడగలు వచ్చాయి. రోజూ పొద్దున చిటికెడు చేపల మేత ఆ బకెట్‌లో వేసేవాడు.

చక్రపాణికి నవ్వొచ్చింది. "చేపల్లేని బకెట్‌కు మేతేంటయ్యా?"

"ఉన్నోళ్లకే ఏస్తున్న," అన్నాడు గురువు.

కొత్త తొట్టిలో నీళ్లు మూడురోజులు అద్దంలా ఉన్నాయి. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాలుగోరోజు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చక్రపాణి వెంటనే డబ్బా విప్పాడు. స్పాంజీల మీద పలచగా పట్టిన జిగురు చూసి ఒళ్లు జలదరించింది. బ్లీచింగు వాసన కొట్టే మునిసిపాలిటీ కుళాయి కింద పెట్టి రుద్దాడు. పింగాణీ ముక్కల్ని ఆసుపత్రిలో కత్తెరల్లాగే ఉడకబెట్టాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. గురువు ఒక మోటారు తెచ్చేందుకు పక్క ఊరు పోయాడు, రెండురోజులు లేడు.

ఏడోరోజు పొద్దున ఒక చేప వెల్లకిలా తేలింది.

మిగతావి పైకొచ్చి గాలికోసం నోళ్లు తెరుస్తున్నాయి. అన్నిట్లోకీ పెద్దది, రాగిరంగుది, అడుగున పక్కకు ఒరిగి పడుకుంది. ఓదెమ్మ దాన్ని 'ముసల్ది' అని పిలిచేది, తనకు జోడీ అని.

అప్పుడే గురువు బస్సు దిగి ఇంటికొచ్చాడు. చక్రపాణి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అయ్యా, ఇంత శుభ్రంగా ఉంచితే ఎందుకు చస్తున్నయి? ఇంకో ఫిల్టరు తేనా? ఇంకా పెద్దది?"

"డ్రమ్ముల్లో నేను పోయేముందు పట్టి ఉంచిన నీళ్లున్నాయి, వాటిలో బ్లీచింగు పోయుంటది. తొట్టిలోంచి సగం తీసి, అవి పొయ్యి," అన్నాడు గురువు. సంచి కూడా దించకుండా స్పాంజి ఉన్న బకెట్ తెచ్చాడు.

నీళ్లు మార్చడం అయింది. గురువు చొక్కా చేతులు మడిచి, నల్ల స్పాంజిని ఎత్తి, తొట్టి మీద పట్టుకుని పిండాడు.

నల్లటి మడ్డి జారింది. కొత్త నీళ్లలో పొగలా పరుచుకుంది.

"అయ్యా!" చక్రపాణి చేయి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు.

గురువు మళ్లీ పిండాడు. తర్వాత డబ్బా విప్పి, ధగధగలాడే స్పాంజి ఒకటి తీసేసి, ఆ చోట పాతదాన్ని ఇరికించాడు. మూత పెట్టాడు. పంపు వేశాడు.

"చేపలు తినంగ విషం వదులుతయి పాణీ. నీళ్లు తేటగున్నా ఆ విషం ఉంటది. దాన్ని తినేటివి కంటికి కనబడవు. అవి ఈ జిగట్లో కాపురం పెట్టుకుంటయి. కొత్తగా వచ్చినోళ్లను నువ్వు రోజూ కడిగి పంపిస్తున్నవు."

"నాకు ముందే గట్టిగా చెప్పాల్సింది గదయ్యా."

"పెట్టరాదూ అంటిని," అన్నాడు గురువు. "రెండోసారి అనకపోవుడు నా తప్పే. ఆ చేప పాపంల నాకూ సగం."

రెండురోజులు మేత ఆపారు. రోజూ కొన్ని నీళ్లు మార్చారు. చక్రపాణి ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి తొట్టి ముందు కూర్చునేవాడు. డబ్బా మూత మీద చేయి వేసేవాడు, మళ్లీ తీసేవాడు. మూడోరోజు ముసల్ది లేచి నిటారుగా ఈదింది. నాలుగోరోజు అద్దం దాకా వచ్చి, మేత కోసం మూతి ఆనించింది.

ఆరోజు గురువారం.

చాపలు పరచడం అయింది. జనం వచ్చారు. బయట మెట్ల మీద ఎవరో తుమ్మారు. ఇంకోసారి తుమ్మారు.

చక్రపాణి లేచాడు. గురువుగారి ఎడమపక్క, మొదటినుంచీ ఆమె కూర్చునే చోట, ఒక చాప పరిచి బయటికి వెళ్లాడు.

"లోపలికి రా అవ్వా."

ఓదెమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నశ్యం డబ్బీ ఈడనే పెట్టి రావాల్నా బిడ్డా?"

"తెచ్చుకో," అన్నాడు చక్రపాణి. చేతికర్ర అందించాడు.

ఆమె వచ్చి కూర్చుంది. తత్వం ఎత్తుకున్నారు. అందరూ ఒక దారి, ఓదెమ్మ ఒక దారి. చక్రపాణి తలొంచుకుని, ఆమె దారిలోనే మెల్లగా గొంతు కలిపాడు.

గురువు తొట్టి వైపు చూస్తూ తాళం వేస్తున్నాడు.

అంతే. ఇక లేవండి. మీ ఇళ్లలో అన్నాలు చల్లారిపోతున్నాయి. పోయి తినండి. మాస్టారు కథ చెప్పాడని చేతులు కడుక్కోకుండా కంచం ముందు కూర్చునేరు. రాజేశం, నిన్నే అంటున్నా.