కేతభూపతి ఒడియా చదువు

తూర్పు కొండల దిగువన వెనకటికి గండవరమని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలిన కేతభూపతికి శౌర్యం ఉంది, దానగుణం ఉంది, వాటన్నిటికంటే మిక్కిలిగా అనుమానం ఉంది. వంటవాడు నవ్వితే కూరలో ఏం కలిపాడోనని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడోనని శంకించేవాడు. తన మాటలో తప్పుంటుందన్న శంక మాత్రం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

ఒకసారి ఉత్కళ దేశం నుంచి రాయబారి వచ్చాడు. రెండు రాజ్యాల నడుమ ఉన్న కనుమదారి ఎవరిదన్నది తగాదా. రాయబారి ఒడియాలో చెప్పేది దుబాసీ పాపయ్య తెలుగులో చెప్పాలి. రాయబారి చాలాసేపు ఏకబిగిన మాట్లాడాడు. పాపయ్య దాన్ని రెండు ముక్కల్లో ముగించాడు. ఇంతసేపటికి ఇంతేనా అని రాజు అడిగితే, ఇంతే ప్రభూ అన్నాడు. తగాదా ఎటూ తేలలేదు. ఏడాదిన్నరకు మళ్ళీ వస్తానని రాయబారి వెళ్ళిపోయాడు.

పాపయ్య అవతలివాళ్ళకు అమ్ముడుపోయాడని రాజు నిశ్చయించుకున్నాడు. రుజువు దొరకాలంటే తానే ఒడియా నేర్చుకోవాలి, అదీ మూడోకంటికి తెలియకుండా. అందుకని విశ్వపతిశాస్త్రిని రహస్యంగా పిలిపించాడు. శాస్త్రి యౌవనమంతా ఉత్కళంలో చదివి వచ్చినవాడు, ఆ భాషలో ఆయనకు సాటి లేరు. ఎనిమిది నెలలు పాఠం సాగింది. విభక్తులు, క్రియారూపాలు రాజు గడగడా అప్పజెప్పేవాడు. శాస్త్రి చేతులు జోడించి, అద్భుతం ప్రభూ అనేవాడు.

ఒకనాడు కోటకు ఒడియా ఉప్పువర్తకుడు వచ్చాడు. పరీక్షించుకుందామని రాజు అతణ్ణి పలకరించబోయాడు. వర్తకుడి మాట ఒక్కటీ అర్థం కాలేదు. తాను చెప్పదలచినది గొంతు దాటి రాలేదు. రాజు ముఖం నల్లబడింది. ఎనిమిది నెలలూ శాస్త్రి కావాలనే తనకు భాష అందకుండా చేశాడని, పాపయ్యా శాస్త్రీ ఒకే గూటివాళ్ళని అనుకున్నాడు. వెంటనే రాయసం కొమ్మనను పిలిపించాడు. రాజు పంపే ఉత్తరాలూ ఉత్తరువులూ రాసేది కొమ్మనే. మాట పొదుపు, బుద్ధి పదును ఉన్నవాడని కొలువులో పేరు.

శాస్త్రి నాలుక కోయించమని ఉత్తరువు రాయమన్నాడు రాజు. కొమ్మన గంటం చేతపట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"ఏం, రాయవేం?"

"రాస్తాను ప్రభూ. శిక్ష తెలిసింది. నేరం ఏమని రాయమంటారు? మహారాజుగారికి ఒడియా రాలేదు గనుక అని రాస్తే ఊరంతా చదువుతుంది."

నువ్వు కూడా వాళ్ళలో ఒకడివేమోనని నాకు అనుమానంగా ఉంది అన్నాడు రాజు. కొమ్మన తల వంచి, మూడు నెలల గడువు కోరాడు. ఒడియా ముక్క రాని ఇద్దరిని తాను తెస్తానని, శాస్త్రి వాళ్ళకు పాఠం చెబుతుంటే ప్రభువు తెర వెనక నుంచి చూడవచ్చని చెప్పాడు.

"ఇద్దరికీ వస్తే శాస్త్రి నన్ను మోసం చేసినట్టు. ఇద్దరికీ రాకపోతే శాస్త్రికి పాఠం చెప్పడమే రానట్టు. ఎటు చూసినా నాలుక పోయేదే" అన్నాడు రాజు.

"ఒకడికి వచ్చి ఒకడికి రాకపోతే?"

"అప్పుడు రానివాడిది మట్టిబుర్ర. శాస్త్రి తప్పు లేదు."

కొమ్మన దణ్ణం పెట్టి లేచి వెళ్ళాడు.

నాలుగు రోజుల్లో ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకడు పట్టు ఉత్తరీయం వేసుకుని, విభూతి పెట్టుకుని ఉన్నాడు. వీరు తరతరాలుగా కవుల వంశం వారని, పేరు సోమదేవుడని కొమ్మన శాస్త్రికి చెప్పాడు. రెండోవాడు గొంగళి కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వీడు గొర్రెలు కాచేవాడు, మల్లడంటారు, ప్రభువు ఆజ్ఞ గనుక వీడికీ చెప్పక తప్పదు అన్నాడు. శాస్త్రి సోమదేవుణ్ణి పీట మీద కూర్చోబెట్టాడు. మల్లణ్ణి అక్కడే కూర్చోమన్నాడు. రాజుకు కూడా కొమ్మన ఈ మాటలే చెప్పాడు.

రాజు తెర వెనక చేరి, శాస్త్రి ఏ మాట దాస్తాడోనని చెవులు రిక్కించి విన్నాడు. దాచిన మాటేదీ లేదు. ఇద్దరికీ అదే పాఠం. అయినా ఏదో తేడా ఉంది. అదేమిటో పట్టుకోవడానికి రాజుకు పదిరోజులు పట్టింది. సోమదేవుడు తడబడితే శాస్త్రి ఆగేవాడు. దగ్గరికి వచ్చారు, ఇంకోసారి అనండి అనేవాడు. తప్పు పలికితే నవ్వి, మంచి తప్పు చేశారు, ఇందులోంచి ఇంకో సంగతి నేర్చుకోవచ్చు అనేవాడు. శాస్త్రీ సోమదేవుడూ కబుర్లలో పడి పొద్దు మరిచిపోయేవారు. మల్లణ్ణి కూడా అడిగేవాడు. వాడు నోరు తెరిచేలోపే జవాబు తానే చెప్పి, నువ్వు ఇది పదిసార్లు వల్లించు చాలు అనేవాడు. గొంతులో కోపం లేదు. జాలి ఉంది.

మూడు నెలలకు ఉప్పువర్తకుణ్ణి రప్పించారు. సోమదేవుడు అతనితో సముద్రం గురించి, ఉప్పు పన్ను గురించి అరజాము సేపు ముచ్చటించాడు. మధ్యలో ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. మల్లడు వల్లించినదంతా అప్పజెప్పాడు. వర్తకుడు ఒక చిన్న ప్రశ్న వేస్తే నేల చూస్తూ ఉండిపోయాడు.

రాజు తెర తొలగించుకుని ఇవతలికి వచ్చాడు. తీర్పు తేలిపోయిందని, గొర్రెలవాడిది మట్టిబుర్ర గనుక శాస్త్రిని వదిలేస్తున్నానని చెప్పాడు. చెప్పి రెండడుగులు వేసి ఆగిపోయాడు. వల్లించడం వచ్చి మాట్లాడటం రానిది మల్లడికి ఒక్కడికే కాదన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టింది.

"కొమ్మనా, నన్ను ఉచ్చులోకి దింపావు."

"ఇంకా కాదు ప్రభూ. ఒక మనిషిని లోపలికి రానివ్వండి" అన్నాడు కొమ్మన.

నేతచీర కట్టుకున్న ముసలమ్మ ఒకతె వచ్చింది. రాజుకు దణ్ణం పెట్టి, ముందు మల్లడి దగ్గరికి పోయి వాడి తల నిమిరింది. సోమదేవుడు లేచి ఆమె కాళ్ళకు మొక్కాడు. ఇద్దరూ తన కడుపున పుట్టినవాళ్ళేనని, ఒకే మగ్గం మీద బట్ట నేస్తారని, చిన్నప్పుడు లెక్కలూ పాటలూ ముందు నేర్చినవాడు మల్లడేనని చెప్పింది. ఆ గొంగళి తమది కాదని, కొమ్మనగారు ఇచ్చినదని కూడా చెప్పింది.

శాస్త్రి కూలబడిపోయాడు. వాడు నోరు తెరవబోయిన ప్రతిసారీ నేనే మూశాను అని గొణిగాడు.

కొమ్మన ఆయన పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. "శాస్త్రిగారూ, ప్రభువు పాఠంలో తప్పు పలికితే ఏం చేసేవారు?"

శాస్త్రి తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. "మొదటిరోజు దిద్దాను. ప్రభువు నావంక చూశారు. ఆ చూపు తరవాత, రాజు నోట తప్పు రాకూడదని నమ్మాను. తప్పు వచ్చే అవకాశమే లేని పాఠాలు ఏరి చెప్పాను. మాట్లాడితే తప్పులొస్తాయి. అందుకని మాట్లాడించలేదు."

అందరూ రాజు వంక చూడటానికి భయపడ్డారు. రాజు కొమ్మన దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శాస్త్రి వాణ్ణి కవి అనుకున్నాడు, వాడు కవిలా మాట్లాడాడు. వీణ్ణి మొద్దు అనుకున్నాడు, వీడు మొద్దులా మిగిలాడు. బాగుంది. మరి నన్ను మూడు నెలలు తెర వెనక కూర్చోబెట్టావే, నా గురించి నువ్వేం అనుకుని ఈ సాహసం చేశావు?"

"ప్రభువుకు నవ్వడం వచ్చని అనుకున్నాను" అన్నాడు కొమ్మన.

రాజు అతని ముఖంలోకి అనుమానంగా చూశాడు. ఎటు వెతికినా అందులో మోసం కనబడలేదు. పెదవి బిగించాడు, ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి ముసలమ్మ కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రాజు తన భుజం మీది శాలువా తీసి కొమ్మనకు కప్పి, ఏటి ఒడ్డున నాలుగు పుట్ల మాగాణి రాసుకోమన్నాడు. నీ ఉత్తరువు నువ్వే రాసుకుంటావు గనుక ఐదు పుట్లు రాస్తావేమో చూస్తాను అని కూడా అన్నాడు. మల్లణ్ణి పీట మీద కూర్చోబెట్టి మళ్ళీ మొదటినుంచి చెప్పమని శాస్త్రిని ఆజ్ఞాపించి, తానూ ఆ పక్కనే ఇంకో పీట వేయించుకున్నాడు.

గడువు ప్రకారం ఉత్కళ రాయబారి వచ్చాడు. ఈసారీ చాలాసేపు మాట్లాడాడు. రాజు చెవి ఒగ్గి విన్నాడు. అందులో ముప్పాతిక భాగం వాళ్ళ రాజు బిరుదులే. ఇంకో రాజు బిరుదులు తమ ప్రభువు సహించడని భయపడి పాపయ్య వాటిని వదిలేస్తున్నాడు తప్ప, కనుమ సంగతి ఉన్నదున్నట్టే చెబుతున్నాడు. రాజు పాపయ్య వంక చూసి, ఇకమీదట బిరుదులు కూడా చెప్పు, నేను చావను అన్నాడు.

తరవాత సింహాసనం మీద ముందుకు వంగి, నిండుకొలువులో మొదటిసారి ఒడియాలో నోరు విప్పాడు. మీ రాజుగారు క్షేమమా అనబోయి, మీ రాజుగారు ఉడికారా అన్నాడు. రాయబారి తెల్లబోయాడు. కొలువంతా తలలు వంచేసింది.

వెనక వరసలోంచి విశ్వపతిశాస్త్రి లేచాడు. ఆయన గొంతు కొలువంతా వినబడింది.

"దగ్గరికి వచ్చారు ప్రభూ. ఇంకోసారి అనండి."

రాజు నవ్వి, ఇంకోసారి అన్నాడు.