ఈదమ్మ గుట్ట మీద కండువా విడిచే ఆచారం

కందిగట్లలో బస్సు దిగి పడమటికి కొంచెం దూరం నడిస్తే ఈదమ్మ గుట్ట వస్తుంది. మెట్లు నూట పన్నెండు. మొదటి మెట్టు పక్కన ఒక పలకరాయి ఉంది. ఏ పార్టీ కండువాతో వచ్చినవారైనా, మంత్రిగారైనా సరే, దానిని ఆ రాయి మీద విడిచి పైకెక్కవలసిందే. ఆ నియమం వెనుక కథ ఇది.

పూర్వం ఇక్కడ గత్తర, అంటే కలరా, సోకి ఊళ్లు పాడుబడుతుండగా, గొర్లు కాచే ఒక ఆడబిడ్డకు అమ్మవారు కలలో కనబడి, "గుట్ట మీదున్న, నాకు ఊదు వెయ్యుండ్రి" అన్నదట. ఆనాడు ఊదు ఉన్నది దర్గా చూసుకునే ముజావరు ఇంట్లోనే. ఆయన తెచ్చి వేసిన పొగలోనే అమ్మవారు పలికింది, గత్తర తగ్గింది. నాటినుంచి జాతరకు ఆ ఇంటివారు ఊదు వేయడం, కాపరి ఇంటి ఆడబిడ్డ కాల్చని పచ్చికుండ మీద నిలబడి పూనకంలో ఏడాది ఫలం చెప్పడం ఆనవాయితీ అయింది.

అలా పలికినవారిలో చివరిది మొగులమ్మ. నలభై జాతరలు ఆమెకు ఊదు వేసినవాడు ఆ ముజావరు ఇంటి మదార్‌సాబ్.

ఒక ఎన్నికల ఏడు, ఒక నాయకుడు వచ్చి, దేశమంతా ఎరిగిన పేరు ఉండాలంటూ 'శ్రీ దుర్గాభవాని' అని బోర్డు పెట్టించాడు. ఊదు హిందువులే వేయాలన్నాడు. ఎదుటి పార్టీ నాయకుడు, ఈమె మన గడ్డ తల్లి అంటూ అమ్మవారిని పోస్టర్లకెక్కించాడు. మదార్‌సాబ్ మాట వచ్చేసరికి మాత్రం, "ఈ ఒక్కపారి ఆయన్ను రావద్దనుండ్రి, ఓట్లు పోతయ్" అన్నాడు.

మదార్‌సాబ్ మొగులమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "నా మూలంగ జాతరల కొట్లాట వద్దు చెల్లె. బిడ్డ దగ్గరికి పోతున్న."

"మళ్లెప్పుడొస్తవ్ అన్నా?"

ఆయన ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

జాతరనాడు నాయకులిద్దరూ ఎదురుగా కూర్చున్నారు. ఎవరో ఊదు వేశారు. గుట్టంతా పొగ కమ్మింది గానీ మొగులమ్మకు పూనకం రాలేదు. "మా సారు గెలుస్తడని ఒక్క మాట అను, గోపురం కట్టిస్తం" అని ఒకడు చెవిలో ఊదాడు. రెండోవైపు మనిషీ అదే అడిగాడు. ఊగి నాలుగు మాటలంటే ఎవరికి తెలుస్తుంది? వేలమంది చూస్తున్నారు.

"అమ్మ నా మీదికి రాలే. నేను అబద్ధం పలక. మీ కండువాలు కింద పడేసి రాండ్రి. మా అన్నను తోల్కరాండ్రి" అని పచ్చికుండ మీదినుంచి దిగింది.

జనంలోంచి ఎవరో లేచి, కిందికి దిగి, కండువా తీసి మొదటి మెట్టు పక్కన రాయి మీద పెట్టారు. తర్వాత ఒక్కొక్కరే. చివరకు నాయకులకూ తప్పలేదు. బోర్డు దిగింది.

ఊరివారు పిలుచుకురావడానికి పోయేసరికి మదార్‌సాబ్ బిడ్డ ఇంట్లో మంచం పట్టి ఉన్నాడు. గుడ్డలో కట్టి ఇంత ఊదు మాత్రం పంపాడు. ఆ చలికాలమే పోయాడు. మొగులమ్మ ఆ మూట విప్పలేదు. కడదాకా తలగడ కింద పెట్టుకొని పడుకుంది.

నేటికీ జాతరకు ముందు పెద్దలు పసుపు బియ్యంతో పోయి మదార్‌సాబ్ బిడ్డను పిలిచి వస్తారు. కొన్నేళ్లు ఆమె వస్తుంది, కొన్నేళ్లు రాదు. మిట్టమధ్యాహ్నం దాకా నిప్పులు రాజేసి ఆమె కోసం ఎదురుచూడటం ఆచారం. ఆ నిప్పుల దగ్గర కూర్చొని దూరమైనవారిని తలచుకుంటే మనసు కుదుటపడుతుందని భక్తుల నమ్మకం. మొగులమ్మ మేనకోడలు ఇప్పుడు పచ్చికుండ మీద నిలబడుతోంది. అమ్మవారు పలికి పందొమ్మిదేళ్లయింది. అయినా ఊదు పొగ లేవగానే గుట్ట మీద జనమంతా మాటలాపి చెవులొగ్గి నిలబడతారు.